స్పిన్‌స్టర్‌కూ గ్యాంగ్‌స్టర్‌కూ చుట్టరికం

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

గత సంచికలో ‘టీచర్’, ‘డ్రైవర్’ వంటి ఇంగ్లిషు మాటల చివర ఉండే ‘-అర్’ ప్రత్యయం గురించి రాస్తూ, దానికి తోబుట్టువు వంటి ‘-స్టర్’ సంగతి మరోసారి చూద్దామని ఆపాము. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు ఆ మాట గుర్తుపెట్టుకుని ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానాలిస్తున్నాము.

*

ప్రశ్న: మా అమ్మమ్మగారి పెళ్లి 1927లో చిత్తూరులోని ఒక చర్చిలో జరిగింది. ఆ వివాహ పత్రం నకలు ఈ మధ్యనే మా చేతికి వచ్చింది. అందులో తాతగారి పేరుకు ఎదురుగా ‘బ్యాచిలర్’ అనీ, అమ్మమ్మ పేరుకు ఎదురుగా ‘స్పిన్‌స్టర్’ అనీ రాసి ఉంది. ఆమె బాలికల పాఠశాలలో పంతులమ్మ. ‘స్పిన్’ అంటే నూలు వడకడం కదా, ఆమె ఏనాడూ రాట్నం ముట్టిన మనిషి కాదు. ‘వయసు మీరినా పెళ్లి కాని ఆడది’ అని ఆ మాటకు అర్థమని మా అబ్బాయి అంటున్నాడు. పెళ్లినాటికి అమ్మమ్మకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. మరి ఆమెను అలా ఎందుకు రాశారు? గ్యాంగ్‌స్టర్‌లోని ‘స్టర్’, ఈ ‘స్టర్’ ఒకటేనా? – ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ మనసులో ఉన్న శంక ముందు తీర్చాలి. ఆ పత్రం రాసినవారు మీ అమ్మమ్మగారిని కించపరచలేదు. అప్పటి క్రైస్తవ వివాహాలు 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం నమోదయ్యేవి. ఆ చట్టంతో పాటు ఇచ్చిన నమూనా పత్రంలోనే వధువు పేరు పక్కన ‘స్పిన్‌స్టర్’ అన్న మాట అచ్చయి ఉంది. పదహారేళ్ల పిల్లకైనా, నలభై ఏళ్ల స్త్రీకైనా అంతకుముందు పెళ్లి కాలేదని చెప్పడానికి ఆ గడిలో రాయవలసిన మాట అదే. ఇంగ్లండులో 17వ శతాబ్దం నుంచీ న్యాయ పత్రాల్లో దానికి ఉన్న అర్థం ‘అవివాహిత’ అని మాత్రమే. మీ అబ్బాయి చెప్పిన అర్థమూ అబద్ధం కాదు. అయితే అది బజారులో పుట్టిన అర్థం, రిజిస్టరులోది కాదు.

రెండో ప్రశ్నకు సమాధానం: అవును, రెండూ ఒకటే. ఆ చుట్టరికం తెలియాలంటే వెయ్యేళ్ల వెనక్కు వెళ్లాలి.

ప్రాచీన ఇంగ్లిషులో ఒక పని చేసే మగవాణ్ణి చెప్పడానికి ‘-ఎరె’ అనే ప్రత్యయం, అదే పని చేసే స్త్రీని చెప్పడానికి ‘-ఎస్ట్రె’ అనే ప్రత్యయం ఉండేవి. రొట్టెలు కాల్చేవాడు ‘బ్యాకెరె’, కాల్చే స్త్రీ ‘బ్యాకెస్ట్రె’. బట్టలు కుట్టే స్త్రీ ‘సేమెస్ట్రె’, పాటలు పాడే స్త్రీ ‘సాంగెస్ట్రె’. మొదటి ప్రత్యయం నేటి ‘-అర్’ అయింది, రెండోది నేటి ‘-స్టర్’ అయింది. మన భాషలో వేటకాడు – వేటకత్తె, అందగాడు – అందగత్తె, చెలికాడు – చెలికత్తె అనే జంటలు ఎలా నడుస్తాయో అవీ అలాగే నడిచాయి. అంటే ‘స్టర్’ పుట్టుకతో అచ్చంగా ఆడవారి ప్రత్యయం, మన ‘కత్తె’కు సరిసమానమైనది. ఇంగ్లిషుకు దగ్గరి చుట్టమైన డచ్చి భాషలో అది నేటికీ ఆ పనే చేస్తోంది: అక్కడ రచయిత ‘స్ఖ్రైవర్’ అయితే రచయిత్రి ‘స్ఖ్రైఫ్‌స్టర్’.

మరి ఇంగ్లిషులో ఆడతనం ఎలా పోయింది? ఇక్కడ వ్యాకరణం కంటే బతుకుతెరువు చరిత్రే ఎక్కువగా పనిచేసిందని నా అభిప్రాయం. మధ్యయుగపు ఇంగ్లండులో నూలు వడకడం, నేయడం, ఉన్ని దువ్వడం, రంగులద్దడం, రొట్టె కాల్చడం, బార్లీతో ఏల్ అనే సారాయి కాచడం వంటి పనుల్లో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఏల్ సంగతే చూడండి. 14వ శతాబ్దం తొలినాళ్లలో దాన్ని ఇళ్లలోనే కాచి, మిగిలింది ఇరుగుపొరుగులకు అమ్మినవారు ఎక్కువగా ఆడవారే. ఏల్ రెండు మూడు రోజులకే పులిసి చెడిపోయేది కనుక పెద్ద ఎత్తున కాచి నిల్వ పెట్టడం కుదరదు. ఇంటి పొయ్యి మీద అప్పుడప్పుడు కాచేవారికే అది సరిపోయిన వ్యాపారం. సుమారు 1400 ప్రాంతంలో సముద్రానికి ఆవలి డచ్చి తీరాల నుంచి హాప్ పువ్వులు వేసి కాచే బీరు వచ్చింది. అది నిల్వ ఉంటుంది, దూరాలకు పంపవచ్చు. కానీ పెద్ద కొప్పెరలు, పెట్టుబడి, అప్పు పుట్టే పరపతి కావాలి. అవి మగవారి చేతుల్లో ఉన్నాయి. 1600 నాటికి ఆ వ్యాపారం చాలావరకు మగవారిదైపోయింది. ఆ స్త్రీలకున్న ‘బ్రూస్టర్’ అనే పేరు మాత్రం మగవారికీ అంటుకుంది. ముఖ్యంగా ఉత్తర ఇంగ్లండులోనూ స్కాట్లండులోనూ 14వ శతాబ్దం నాటికే ‘-స్టర్’ అంటే ఆడామగా తేడా లేకుండా ‘ఆ పని చేసేవారు’ అనే అర్థం స్థిరపడింది. దక్షిణాన స్త్రీవాచకంగా మరికొంత కాలం నిలిచింది.

ఆ రోజుల్లోనే వృత్తుల పేర్లు ఇంటిపేర్లుగా గట్టిపడ్డాయి. నేసేవారు వెబ్‌స్టర్‌లు, రొట్టెలు కాల్చేవారు బాక్‌స్టర్‌లు, రంగులద్దేవారు లిస్టర్‌లు. 1828లో అమెరికా ఇంగ్లిషుకు పెద్ద నిఘంటువు కూర్చిన నోవా వెబ్‌స్టర్ ఇంటిపేరుకు మూలార్థం ‘నేతపని చేసే స్త్రీ’. శస్త్రచికిత్సలో క్రిమిసంహారక పద్ధతిని 1867లో లోకానికి చెప్పిన జోసెఫ్ లిస్టర్ పేరులో ఉన్నది అద్దకపు పని చేసే స్త్రీ. ఆయన పేరు మీదనే ‘లిస్టరిన్’ అనే నోరు పుక్కిలించే మందు వచ్చింది. ఐర్లండుకూ ఇంగ్లండుకూ మధ్యనున్న మాన్ దీవిలో న్యాయమూర్తిని ఇప్పటికీ ‘డీమ్‌స్టర్’ అనే పిలుస్తారు. ఈ పేర్లు మోస్తున్న మగవారిలో ఎందరికి తమ పేరులో ఒక నేతకత్తో, రొట్టెలు కాల్చే ఒక స్త్రీయో దాగి ఉందని తెలుసో!

ప్రత్యయం ఆడతనం కోల్పోయాక ఆడవారిని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చినప్పుడు ఇంగ్లిషువారు ఫ్రెంచి నుంచి వచ్చిన ‘-ఎస్’ను తెచ్చి దానికే మళ్లీ తగిలించారు. ‘సీమ్‌స్ట్రెస్’, ‘సాంగ్‌స్ట్రెస్’ అనే మాటలు అలా పుట్టినవే. ఒకే మాటలో రెండు స్త్రీ ప్రత్యయాలు, ఒకటి చచ్చినది, ఒకటి బతికినది. ఇక్కడే ఒక చిన్న మాట: వీలునామాను అమలుచేసే స్త్రీకి లాయర్లు రాసే ‘ఎగ్జిక్యూట్రిక్స్’ వంటి మాటల్లోని ‘-ట్రిక్స్’కు ‘స్టర్’తో సంబంధం లేదు. అది లాటిన్ నుంచి వచ్చినది, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘రచయిత్రి’, ‘కవయిత్రి’ మాటల చివరి ‘త్రి’కి సొంత అక్కచెల్లెలు. తాళ్లపాక తిమ్మక్కను, తరిగొండ వెంగమాంబను మనం కవయిత్రులు అన్నప్పుడల్లా ఆ పాత ప్రత్యయాన్ని గౌరవంగానే వాడుతున్నాము.

ఇంత మార్పులోనూ మగవారికి పోకుండా ఆడవారి దగ్గరే మిగిలిన మాట ‘స్పిన్‌స్టర్’ ఒక్కటే. కారణం స్పష్టం: నూలు వడకడం చివరిదాకా ఆడవారి పనిగానే ఉండిపోయింది. హార్‌గ్రీవ్స్ 1764 ప్రాంతంలో వడికే యంత్రాన్ని కనిపెట్టేదాకా ఒక మగ్గానికి కావలసిన నూలు అందించాలంటే ఎన్నో రాట్నాలు తిరగవలసి వచ్చేది. పొలమూ మగడూ లేని స్త్రీ తన కూడు తాను సంపాదించుకోగల పనుల్లో అది మొదటిది. 14వ శతాబ్దపు ‘పియర్స్ ప్లౌమన్’ కావ్యంలో ఒక నేతగత్తె తన దగ్గర వడికే ‘స్పిన్‌స్టర్’లతో మాట్లాడడం కనిపిస్తుంది, అక్కడ ఆ మాటకు వృత్తి తప్ప మరే అర్థమూ లేదు. పత్రాల్లో మగవాడి పేరు పక్కన కమ్మరి, వడ్రంగి అని వృత్తి రాసినట్టే, మగడు లేని స్త్రీ పేరు పక్కన ఆమె వృత్తి రాశారు. వృత్తి పేరు వైవాహిక స్థితికి పేరైంది. తర్వాత 18వ శతాబ్దంలో, పెళ్లి కాకుండా వయసు మీరడాన్ని లోకం తప్పుగా చూడడం మొదలుపెట్టాక, ఆ చూపు మాటకు అంటింది.

దాని జోడు మాట ‘బ్యాచిలర్’ గతి చూడండి. ఒకప్పుడు అది యువ యోధుడికి, విద్యలో మొదటి మెట్టు ఎక్కినవాడికి పేరు. ఇవాళ డిగ్రీ పట్టా తీసుకునే అమ్మాయి ‘బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్’ అనో ‘బ్యాచిలర్ ఆఫ్ సైన్స్’ అనో సగర్వంగా చెప్పుకుంటుంది. మగమాట పట్టాగా మారి ఆడపిల్లల చేతికీ వచ్చింది. చెమటోడ్చి సంపాదించిన స్త్రీ పేరేమో తిట్టుగా దిగజారింది. మన భాషలోనూ ఈ జారుడు లేకపోలేదు. ‘ఆటగాడు’ అంటే నేటికీ మెప్పే, ‘ఆటకత్తె’ అంటే మాత్రం చెవికి వేరేగా వినిపిస్తుంది. అందుకే మన పత్రికలు ‘క్రీడాకారిణి’ అని సంస్కృతం వైపు తప్పుకున్నాయి. ‘చెలికత్తె’ మాత్రం చెడలేదు, కావ్యాలు కాపాడాయి కాబోలు.

ఇంగ్లండు, వేల్స్‌లలో 2005 డిసెంబరు నుంచి వివాహ పత్రాల్లో ‘బ్యాచిలర్’, ‘స్పిన్‌స్టర్’ రెండింటినీ తొలగించి ‘సింగిల్’ అనే రాస్తున్నారు. మీ నకలు మీద ఉన్న మాటను చూసి నొచ్చుకోకండి. తన జీతం తాను తెచ్చుకున్న పంతులమ్మకు, తన కూలి తాను సంపాదించుకున్న ఆ పూర్వపు స్త్రీ పేరు తగని పేరేమీ కాదు.

*

ప్రశ్న: నేను డిగ్రీ కళాశాలలో ఇంగ్లిషు చెబుతాను. గ్యాంగ్‌స్టర్, మాబ్‌స్టర్, ట్రిక్‌స్టర్, ఫ్రాడ్‌స్టర్... ‘-స్టర్’ చేరిన మాటలన్నీ చెడ్డవారి పేర్లే ఎందుకైనాయని విద్యార్థులు అడుగుతున్నారు. స్త్రీ ప్రత్యయం కావడం వల్లనే అలా దిగజారిందని చెప్పవచ్చా? – ఒక అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: అంత సూటిగా చెప్పడానికి వీల్లేదండీ. ‘స్పిన్‌స్టర్’ విషయంలో అది చాలావరకు నిజం, మిగిలినవాటికి నప్పదు. ఎందుకంటే ఈ ప్రత్యయానికి చెడ్డ వాసన పట్టే నాటికి అది ఆడప్రత్యయమన్న సంగతే చాలామంది మరిచిపోయారు.

నేను చూసినంతలో కారణం వేరే ఉంది. పాత ‘-స్టర్’ ఎక్కువగా చేసే పనికి తగిలేది: వడకడం, కాయడం, కుట్టడం. 16వ శతాబ్దం నుంచి అది వస్తువులకూ అలవాట్లకూ తగలడం మొదలైంది. జూదంలో మునిగినవాడు ‘గేమ్‌స్టర్’. ప్రాసలు అతికించేవాడు ‘రైమ్‌స్టర్’. అతడు కవి కాడని ఆ మాటలోనే ఎత్తిపొడుపు ఉంది. 18వ శతాబ్దానికి మాయలు చేసేవాడు ‘ట్రిక్‌స్టర్’, శ్లేషలు విసిరేవాడు ‘పన్‌స్టర్’. గౌరవమైన వృత్తులు ‘-అర్’ వైపు వెళ్లిపోగా, ఒక వ్యసనంలోనో తంతులోనో కూరుకుపోయినవారిని చెప్పడానికి ‘-స్టర్’ మిగిలింది. వీధిలో తిరిగి అమ్ముకునే ‘హక్‌స్టర్’ అనే మాట మధ్యయుగం నుంచీ ఉన్నదే. బేరమాడి గీసి గీసి అమ్మేవాడన్న అర్థం దానికి తోడైంది.

మన తెలుగులో ‘గాడు’కు జరిగినదీ ఇటువంటిదే కనుక విద్యార్థులకు ఈ పోలిక చెప్పి చూడండి. ‘మొనగాడు’, ‘అందగాడు’ అన్నప్పుడు ఆ ప్రత్యయం మెప్పు. అదే ఒక మనిషి పేరుకు తగిలిస్తే చులకన. ప్రత్యయం మారలేదు, అది దేనికి తగిలిందన్నది మారింది.

ఇక గ్యాంగ్‌స్టర్. ‘గ్యాంగ్’ మూలార్థం ‘వెళ్లడం’. తర్వాత కలిసి వెళ్లేవారు, కలిసి పనిచేసేవారు అయింది. రేణిగుంట జంక్షన్ దగ్గర ఎండలో పట్టాలు సరిచేసేవారిని నిన్నమొన్నటిదాకా ‘గ్యాంగ్‌మన్’ అనే పిలిచాము; ఇప్పుడు రైల్వేవారు ‘ట్రాక్ మెయింటెయినర్’ అంటున్నారు. ఆ ‘గ్యాంగ్’లో చెడ్డ ఏముంది? 1890లలో అమెరికాలో ‘గ్యాంగ్‌స్టర్’ అన్న మాట అచ్చులో కనిపించినప్పుడు దానికి బ్యాలెట్ పెట్టెలతో ఆటలాడే రాజకీయ ముఠా సభ్యుడన్న అర్థముంది. 1920 నుంచి 1933 వరకు ఆ దేశంలో మద్యనిషేధం నడిచింది; దొంగసారా ముఠాలు నగరాలను ఏలాయి, పత్రికలూ సినిమాలూ ఆ మాటను లోకమంతటా చాటాయి. అప్పటి నుంచి ‘-స్టర్’ అనగానే తుపాకి గుర్తొచ్చే స్థితి వచ్చింది. 1930లలో అమెరికా బ్యాంకులు కూలి జనం డబ్బు పోయినప్పుడు బ్యాంకరును, గ్యాంగ్‌స్టరును కలిపి ‘బ్యాంక్‌స్టర్’ అన్నారు. ఆ మాట సాధ్యమైందంటే ప్రత్యయానికి అప్పటికే ఆ రంగు పూర్తిగా ఎక్కిందన్నమాట. మన దేశంలో అది చట్టంలోకీ వచ్చింది: ఉత్తరప్రదేశ్‌లో 1986 నాటి గ్యాంగ్‌స్టర్ల చట్టం ఉంది. మన పోలీసుల మాట ‘రౌడీషీటర్’ మాత్రం ‘-అర్’తో కట్టినది; షీటు మీద పేరున్నవాడని అర్థం. అది ఈ దేశపు ఇంగ్లిషులోనే పుట్టింది.

అయితే ‘అన్నీ చెడ్డవే’ అన్న మాట మాత్రం విద్యార్థుల చేత సరిచేయించండి. ‘యంగ్‌స్టర్’లో చులకన లేదు, ముచ్చటే ఉంది. ‘టీమ్‌స్టర్’ అంటే మొదట ఎద్దుల జతనో గుర్రాల జతనో తోలే బండివాడు. 1903లో అమెరికాలో ఏర్పడిన సరుకు రవాణా కార్మికుల మహాసంఘం ఆ పేరును గర్వంగా పెట్టుకుంది, దాని చిహ్నం నేటికీ రెండు గుర్రపు తలలే. ఎన్నికల సర్వేలు చేసేవారిని ‘పోల్‌స్టర్’ అంటారు. అందులో కొంత అనుమానం ధ్వనిస్తుందని కొందరంటారు. ఎగ్జిట్ పోల్స్ తలకిందులైన రోజున ఎక్కువమంది అంటారు. బార్లీని మొలకెత్తించి ఎండబెట్టే ‘మాల్ట్‌స్టర్’ వంటి పాత వృత్తినామాలకు ఏ మచ్చా అంటలేదు. 1940లలో జాజ్ సంగీతపు ఊపులో పుట్టిన ‘హిప్‌స్టర్’, 1999లో పాటలు పంచుకునే సేవగా వచ్చిన ‘న్యాప్‌స్టర్’ దీన్ని కుర్రకారు ప్రత్యయంగా మార్చాయి. దాన్ని అనుసరించే 2002లో ‘ఫ్రెండ్‌స్టర్’ వచ్చింది. అక్కడ చెడూ లేదు, వృత్తీ లేదు, సరదా పేరు మాత్రమే.

కాబట్టి తరగతిలో ఒక్క సూత్రం రాసి అప్పజెప్పించడం కంటే, ఒక్కో మాట ఏ దశాబ్దంలో, ఎవరిని ఉద్దేశించి పుట్టిందో పిల్లల చేతనే నిఘంటువులో వెతికించండి. ఆ తేదీల వరుసలోనే సమాధానం వారికి కనబడుతుంది.

*

ప్రశ్న: మాది నీరుగట్టుపల్లె, పట్టుచీరలు నేసే ఇల్లు. బయటి నుంచి తెప్పించిన పట్టు కట్ట బిల్లు మీద ‘సిల్క్ థ్రోస్టర్స్’ అని ఉంది. ‘త్రో’ అంటే విసరడం కదా, పట్టును విసరడమేమిటి? మేము దాన్ని ట్విస్టింగే అంటాము. – ఒక నేత కార్మికుడు, మదనపల్లె

జవాబు: అయ్యా, బిల్లులో తప్పు లేదు. మీరు ట్విస్టింగ్ అంటున్నది, వారు థ్రోయింగ్ అంటున్నది ఒకటే పని. ‘త్రో’ అనే మాటకు ప్రాచీన ఇంగ్లిషులో ఉన్న అర్థం విసరడం కాదు, మెలిపెట్టడం, తిప్పడం. చేయి తిప్పి వదలడం నుంచి విసరడమనే అర్థం తర్వాత వచ్చింది. పాత అర్థం రెండు చేతివృత్తుల్లో ఇంకా బతికి ఉంది: కుమ్మరి సారె మీద కుండ చేయడాన్నీ ఇంగ్లిషులో ‘త్రో’ అనే అంటారు, పట్టుదారానికి పురి ఎక్కించడాన్నీ ‘త్రో’ అనే అంటారు. ఆ పురి ఎక్కించేవారు ‘థ్రోస్టర్’. చెడిపోకుండా, నవ్వులపాలు కాకుండా తన మొదటి అర్థంతోనే పనిచేస్తున్న ‘స్టర్’ మాటల్లో ఇదొకటి.

పట్టుకాయ నుంచి వచ్చే పోగు ఒక్కటిగా మగ్గం మీద నిలవదని మీకు నేను చెప్పనక్కర్లేదు. కొన్ని పోగులు కలిపి రీలు తీస్తారు, దానికి పురి ఇస్తారు. పడుగుకు గట్టి పురి, పేకకు తక్కువ పురి; పడుగు పట్టును ‘ఆర్గాంజైన్’ అనీ, పేక పట్టును ‘ట్రామ్’ అనీ వ్యాపారులు రాస్తారు. మీ బిల్లు మీద ఆ మాటలు కూడా ఉండి ఉంటే ఇక తికమక పడనక్కర్లేదు.

మీ ఉత్తరం చదువుతుంటే ఒక సంగతి మనసులో మెదిలింది, ఇది ఈ ప్రత్యయానికి సంబంధించినదే. నేత ఇళ్లలో గోడవారగా రాట్నం పెట్టుకుని, కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ దారాన్ని ఒరిపిస్తూ, ముడి తగలగానే ఆపి, తెగిన కొసలను మెలిపెట్టి, మళ్లీ తిప్పుతూ కండెలు చుట్టేది ఎవరు? ఎక్కువ ఇళ్లలో అమ్మలు, అత్తలు, ఆడపిల్లలు. మగ్గం ముందు కూర్చున్నవారికి ‘నేతగాడు’ అని పేరుంది. కండెలు చుట్టిన చేతికి వేరే పేరే లేదు. ఇంగ్లిషువారు ఆ చేతికి ‘స్పిన్‌స్టర్’ అని పేరైతే పెట్టారు, తర్వాత దాన్ని పాడుచేసుకున్నారు. మనకు పేరే లేకపోయింది. ఏది ఎక్కువ అన్యాయమో నేను తేల్చలేను. కూలి లెక్కలు రాసేటప్పుడు మాత్రం కండెల పనిని విడిగా ఒక పద్దుగా రాయమని మీ వంటివారిని కోరుతున్నాను.

*

ప్రశ్న: మినిస్టర్, మాన్‌స్టర్, సెమిస్టర్, రోస్టర్, పోస్టర్, లాబ్‌స్టర్, సిస్టర్ కూడా ఈ కుటుంబమేనా? – ఒక విద్యార్థిని, ఎస్వీ విశ్వవిద్యాలయం, తిరుపతి

జవాబు: ఒక్కటీ కాదు, ఒక్కదాని విషయంలో మాత్రం కొంచెం ఆగాలి.

‘మినిస్టర్’ లాటిన్ మాట. ‘తక్కువవాడు’ అనే మాట నుంచి ‘సేవకుడు’ అయింది. ‘ఎక్కువవాడు’ అనే మాట నుంచి ‘మాస్టర్’ వచ్చింది. మంత్రి సేవకుడు, బడిలో మాస్టారు పెద్ద: మాటల పుట్టుక అలా చెబుతోంది. ‘మాన్‌స్టర్’ లాటిన్‌లో ‘హెచ్చరించడం’ నుంచి వచ్చింది. వింత పుట్టుకలను దైవ హెచ్చరికగా భావించేవారు. ‘సెమిస్టర్’ అంటే ఆరు నెలలు. అందులోని రెండు ముక్కలూ సంస్కృతపు ‘షట్’, ‘మాస’ శబ్దాలకు చుట్టాలే కనుక మీ సెమిస్టరును ‘షణ్మాసం’ అంటే అనువాదం కాదు, చుట్టరికం. ‘సిస్టర్’కు సంస్కృతంలో ‘స్వసృ’ ఉంది. ‘రోస్టర్’ డచ్చి మాట, దానికి మూలార్థం మాంసం కాల్చే ఇనుప జల్లెడ. గీతలు గీసిన డ్యూటీ కాగితం అలా కనిపించిందని ఆ పేరు. ‘పోస్టర్’ను ‘పోస్ట్’, ‘అర్’ అని విడదీయాలి, ‘డస్టర్’ను ‘డస్ట్’, ‘అర్’ అని. ముక్కను ఎక్కడ విరవాలో తెలియకపోతే ఇలా మోసపోతాము.

ఆగాలన్నది ‘లాబ్‌స్టర్’ దగ్గర. అది లాటిన్ ‘లొకుస్తా’ నుంచి వచ్చింది. ఆ మాటకు మిడత అనీ, సముద్రపు రొయ్యజాతి అనీ రెండర్థాలు. ప్రాచీన ఇంగ్లిషువారు దాన్ని ‘లొప్పెస్ట్రె’ అని పలికారు. చివర ‘-ఎస్ట్రె’ రావడానికి మనం చెప్పుకున్న స్త్రీ ప్రత్యయపు అలవాటే కారణమని భాషా పండితులు భావిస్తారు. నోటికి అలవాటైన ముగింపు కొత్త మాటను తన వైపు లాగుకోవడం ఏ భాషలోనైనా జరిగేదే.

*

ప్రశ్న: రేణిగుంట రోడ్డులో మాకు బైకుల దుకాణం ఉంది. కొత్త బోర్డు మీద పెయింటరు ‘రోడ్‌స్టార్ బైకులు’ అని రాశాడు. కంపెనీ కాగితంలో ‘రోడ్‌స్టర్’ అని ఉంది. రోడ్డు మీద స్టార్ అన్న అర్థమే కదా, ఎలా రాస్తే ఏమని అతడి వాదన. – ఒక వ్యాపారి, తిరుపతి

జవాబు: పెయింటరుగారి వాదన నిలవదండీ. ఇది ‘స్టార్’ కాదు, అసలైన ‘స్టర్’. అదీ ఈ మాట మొదట నేల మీదది కాదు. ఓడలు రేవు లేని చోట ఒడ్డుకు కొంత దూరంలో లంగరు వేసి నిలిచే నీటిని ఇంగ్లిషులో ‘రోడ్స్’ అంటారు. మద్రాసుకు ఓడరేవు కట్టకముందు ఓడలన్నీ ‘మద్రాస్ రోడ్స్’లోనే ఆగేవి, సరుకూ మనుషులూ మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు చేరేవారు. అలా లంగరు వేసి నిలిచిన ఓడకు 18వ శతాబ్దంలో ‘రోడ్‌స్టర్’ అని పేరు. 19వ శతాబ్దంలో అది దారి ప్రయాణానికి పనికివచ్చే గుర్రానికి మారింది, ఆ శతాబ్దం చివర సైకిలుకు, 20వ శతాబ్దం తొలినాళ్లలో పైకప్పు లేని ఇద్దరు కూర్చునే కారుకు, తర్వాత బైకుకు. మనుషులను చెప్పే ప్రత్యయం వాహనాలకు ఎక్కిన అరుదైన మాటల్లో ఇదొకటి. పోటీల్లో పరుగెత్తే ‘డ్రాగ్‌స్టర్’ను 1950లలో దీని పోలికతోనే కట్టారు.

‘రోడ్‌స్టర్’ అనే తిరిగి రాయించండి. కంపెనీ పేరు కూడా అదే కనుక, రేపు వారంటీ కాగితాల్లోనూ బిల్లుల్లోనూ పేరు తేడా వచ్చి కొనుగోలుదారు ఇబ్బంది పడకుండా ఉంటుంది.